బంతి అందుకునేవాడు: అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిసీవర్ వృత్తి చరిత్ర

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిసీవర్ చేయవలసిన పని చెప్పడానికి చాలా చిన్నది. సహచరుడు గాలిలోకి విసిరిన బంతిని ప్రత్యర్థికి చిక్కనీయకుండా అందుకోవాలి, అందుకున్నాక వీలైనంత దూరం పరుగెత్తాలి. అయితే ఆ బంతి అతని దాకా రావాలంటే జట్టులోని మిగిలిన పదిమందీ తమ తమ పనులు ఆ కొద్ది క్షణాల్లోనే నెరవేర్చి ఉండాలి గనుక, మైదానంలో ఇతరుల మీద ఇంతగా ఆధారపడిన స్థానం మరొకటి లేదనే చెప్పాలి. మరోవైపు అతనిది ఎడతెగని పోటీ కూడా: ఎదుట నిలిచి వెంటాడే ప్రత్యర్థితో ఒక పోటీ, అదే బంతి కోసం ఎదురుచూసే సొంత జట్టు రిసీవర్లతో మరొక పోటీ, తన కన్నా ముందటి తరాలవారు లిఖించి వెళ్లిన అంకెలతో ఇంకొక పోటీ. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ధర్మాలు ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో గ్రహించాలంటే, నూరేళ్లకు పైబడిన ఆ వృత్తి చరిత్రను, ముఖ్యంగా ఆట నియమాలు మారినప్పుడల్లా అది పొందిన మార్పులను, కొంత నిదానంగా పరిశీలించాలి.

డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ ఆట బడిలోనే పరిచయమవుతున్నప్పటికీ, ఇక్కడి పాఠకుల కోసం దాని స్వరూపాన్ని క్లుప్తంగా చెప్పుకోవడం అవసరం. ఒక్కొక్క జట్టు తరఫున 11 మంది ఆడే ఈ ఆటలో బంతి అండాకారంగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. 100 గజాల మైదానంలో బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. వీటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు జరిపితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. బంతిని ప్రత్యర్థి కొస దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి చేతికి వస్తుంది. అతను దానిని పక్కవాడికి అందించి పరుగెత్తించవచ్చు, లేదా ముందున్న రిసీవర్‌కు విసరవచ్చు. ఇలా ముందుకు విసరడాన్నే ఫార్వర్డ్ పాస్ అంటారు. రిసీవర్ అనే వృత్తి పుట్టింది ఈ పాస్ వల్లనే.

పందొమ్మిదో శతాబ్దపు ఫుట్‌బాల్‌లో అటువంటి పాస్ నిషిద్ధం. ఆటగాళ్లు చేయీ చేయీ కలిపి గుంపుగా ప్రత్యర్థుల మీద పడి, నేల మీదనే బంతిని తోసుకుపోవడం అప్పటి పద్ధతి. ఈ రద్దీలో కాళ్లు విరగడం, తలలు పగలడం మామూలైపోయి, 1905 సంవత్సరంలో షికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్క ప్రకారం దేశం మొత్తం మీద దాదాపు 20 మంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. అదే సంవత్సరం అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి ఆటను చక్కదిద్దవలసిందిగా కోరాడు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆటను పూర్తిగా వదిలేయడానికి సైతం సిద్ధపడ్డాయి. ఆ ఒత్తిడిలో 1906లో వచ్చిన సంస్కరణల్లో ఫార్వర్డ్ పాస్‌కు అనుమతి ఒకటి. నేల మీది రద్దీని చెదరగొట్టి ఆటగాళ్లను మైదానం నిండా విస్తరింపజేయడమే దాని ఉద్దేశం. కనుక, పాస్ వినోదం కోసం పుట్టింది కాదు, మరణాలను ఆపడానికి చేసిన ప్రయత్నంలో పుట్టిందన్న సంగతిని ఈ వృత్తి చరిత్రలో మొదట గుర్తుంచుకోవాలి.

అనుమతైతే దొరికింది గాని, దానికి విధించిన షరతులు చాలా కఠినమైనవి. విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే అది ప్రత్యర్థి జట్టు సొత్తయ్యేది. ఇటువంటి స్థితిలో ఏ శిక్షకుడైనా బంతిని విసరడానికి జంకడం సహజమే. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయ శిక్షకుడు ఎడ్డీ కోచెమ్స్ మాత్రం వేసవి అంతా తన జట్టుకు ఈ కొత్త విద్య నేర్పించాడు. 1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషాలో కారల్ కళాశాలతో జరిగిన ఆటలో బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్ ఎవరికీ అందకపోవడంతో బంతి చేజారింది. అదే ఆటలో తర్వాత అతను విసిరిన మరో పాస్‌ను జాక్ ష్నైడర్ అందుకొని టచ్‌డౌన్ చేశాడు. చట్టబద్ధమైన మొదటి పాస్ విసిరినవాడిగా రాబిన్సన్ పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. అందుకున్న ష్నైడర్‌ను గుర్తుంచుకున్నవారు తక్కువ. విసిరినవాడికి దక్కే కీర్తికీ, అందుకున్నవాడికి దక్కే కీర్తికీ మధ్య ఉన్న ఈ తేడా తొలినాటి నుంచే మొదలైందన్నమాట.

1912లో నియమాలు మరికొంత సడలాయి. పాస్ 20 గజాలకు మించరాదన్న పరిమితి తొలగింది, మైదానం రెండు కొసలా పాస్ అందుకోవడానికి వీలుగా 10 గజాల ఎండ్ జోన్ ఏర్పడింది, మూడు ప్రయత్నాల స్థానంలో నాలుగు వచ్చాయి. ఈ సడలింపును సంపూర్ణంగా వాడుకున్నవారు నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గస్ డొరాయిస్, నూట్ రాక్నీ అనే ఇద్దరు మిత్రులు. 1913 వేసవిలో ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్ అనే సరోవర తీరపు విడిదిలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో ఒకరు విసురుతూ ఒకరు అందుకుంటూ సాధన చేశారు. అంతవరకు బంతిని పొట్టకు, రొమ్ముకు అదుముకొని పట్టడమే అలవాటు కాగా, పరుగు ఆపకుండా వేళ్లతో, అరచేతులతో బంతిని తేలికగా అందుకోవడాన్ని రాక్నీ ఆ వేసవిలో అభ్యసించాడు. రిసీవర్ విద్యకు ఇదే తొలిపాఠం అనుకోవచ్చు. ఆ ఏడాది నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో సైనిక విద్యాలయం జట్టును నోటర్‌డామ్ 35-13 తేడాతో ఓడించినప్పుడు, డొరాయిస్ విసిరిన 17 పాస్‌లలో 14 సహచరుల చేతుల్లోకి చేరాయి. గాయపడినట్టు కొద్దిసేపు కుంటుతూ నడిచి, తనను కాపలా కాసేవాడు ఏమరగానే ఒక్కసారిగా పరుగందుకున్నానని రాక్నీ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ప్రత్యర్థిని ఏమార్చడం ఈ వృత్తిలో వేగంతో సమానమైన విద్య అని చెప్పడానికి అది తొలి ఉదాహరణ.

ఇంత జరిగినా మరో ఇరవై ఏళ్లపాటు రిసీవర్ అనే ప్రత్యేక వృత్తి ఏర్పడలేదు. వరుస చివర నిలబడే ఎండ్ అనే ఆటగాడు ఎక్కువ సమయం ప్రత్యర్థులను అడ్డుకుంటూ, ఎప్పుడో ఒకసారి పాస్ అందుకునేవాడు. బంతి చేజారితే వెంటనే రక్షణకు దిగేవాడు. 1930లలో మూడు మార్పులు ఈ స్థితిని మార్చాయి. వృత్తి ఆటగాళ్ల జట్లతో నడిచే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1932 నుంచి ఆటగాళ్ల అంకెలను అధికారికంగా నమోదు చేయసాగింది. 1933లో పాస్‌ను స్క్రిమేజ్ గీతకు, అంటే ప్రతి ప్రయత్నంలో బంతి ఉన్న చోటు మీదుగా అడ్డంగా ఊహించుకునే గీతకు, వెనుక ఎక్కడి నుంచైనా విసరవచ్చని తేల్చింది. అంతకు ముందు కనీసం ఐదు గజాలు వెనక్కి వెళ్లి విసరవలసి వచ్చేది. అదే కాలంలో బంతి చుట్టుకొలత తగ్గి, ఒక చేతితో పట్టి విసరడం సులువైంది. వీటిలో మొదటిది చిన్న విషయంగా కనిపించినా దాని ఫలితం చాలా దూరం పోయింది. ఎన్ని పాస్‌లు అందుకున్నాడు, ఎన్ని గజాలు సాధించాడు అన్నది కాగితం మీదికి ఎక్కిన రోజున రిసీవర్‌కు తనదైన కొలమానం దొరికింది. కాని ఆ కొలమానంలో అతని పనిలో సగం మాత్రమే ఇమిడింది. బంతి తన దగ్గరకు రాని ప్రయత్నాల్లో అతను చేసినదానికి ఆ కాగితంలో చోటు లేదు.

ఈ కొత్త కొలమానాన్ని మొదటిసారి నిండుగా వాడుకున్నవాడు డాన్ హట్సన్. 1913లో ఆర్కాన్సా రాష్ట్రంలోని పైన్ బ్లఫ్‌లో పుట్టిన హట్సన్ అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి, 1935లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో చేరాడు. అతను రెండు జట్ల ఒప్పందాల మీదా సంతకం చేయగా, ఏ కవరు మీది తపాలా ముద్ర ముందుదో చూసి లీగ్ అధ్యక్షుడు జో కార్ తీర్పు చెప్పాడనీ, గ్రీన్ బే కవరు 17 నిమిషాల ముందుదనీ ఆట చరిత్రకారులు రాశారు. తన తొలి సీజన్‌లోనే షికాగో బేర్స్ మీద ఆర్నీ హర్బర్ విసిరిన పాస్‌ను అందుకొని 83 గజాల టచ్‌డౌన్ చేశాడు. 1945 దాకా సాగిన అతని ఆటజీవితంలో 488 పాస్‌లు, 99 టచ్‌డౌన్లు ఉన్నాయి. ఆ 99 అనే అంకెను దాటడం 1989లో సియాటిల్ రిసీవర్ స్టీవ్ లార్జెంట్ వచ్చేదాకా, అంటే 44 ఏళ్లు, ఎవరికీ సాధ్యం కాలేదు. 1942లో అతను 11 ఆటల్లో 74 పాస్‌లు అందుకోగా, లీగ్‌లో రెండో స్థానంలో నిలిచినవాడు అందుకున్నవి 27 మాత్రమే.

హట్సన్ కొత్తగా తెచ్చింది వేగం ఒక్కటే కాదు. ఎక్కడ మొదలుపెట్టి, ఎన్ని అడుగులు వేసి, ఎటు తిరగాలో ముందుగానే నిర్ణయించుకున్న పరుగుదారిని రూట్ అంటారు. ఈనాడు వాడుకలో ఉన్న రూట్లలో అనేకం అతనివల్లనే రూపుదిద్దుకున్నాయి. లోపలికి రెండడుగులు వేసి బయటికి తిరగడం, ఆగినట్టే ఆగి మళ్లీ ముందుకు దూసుకుపోవడం వంటి కదలికలకు అర్థం ఉండాలంటే, వాటిని అవే అడుగుల లెక్కతో గుర్తుంచుకొని బంతి విసిరేవాడు అవతల ఒకడుండాలి. హర్బర్, అతని తర్వాత సిసిల్ ఇస్బెల్ ఆ పని చేశారు. హట్సన్‌ను ఆపడానికి ప్రత్యర్థులు ఇద్దరినీ ముగ్గురినీ కాపలా పెట్టసాగారు. దానితో మిగిలిన ప్యాకర్లకు మైదానం ఖాళీ అయింది. ఆ ఖాళీలో ఇతరులు సాధించిన గజాలు హట్సన్ ఖాతాలో చేరలేదు. ఆ జట్టు 1936, 1939, 1944లలో లీగ్ విజేతగా నిలవడంలో ఆ ఖాతాకెక్కని గజాల వాటా ఎంతో లెక్కతీయడం ఎవరికీ సాధ్యం కాదు, అయినా అది చిన్నది కాదు.

హట్సన్ అంకెలను చదివేటప్పుడు మరొక చేదునిజాన్ని పక్కనపెట్టడానికి వీల్లేదు. 1934 నుంచి 1945 వరకు ఆ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. రాతపూర్వకమైన నియమమేదీ లేకుండానే యజమానులు వారిని వెలిపెట్టారు. క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు తరలివచ్చిన ర్యామ్స్ జట్టు, ప్రజాధనంతో కట్టిన కొలీసియం మైదానాన్ని వాడుకోవాలంటే ఆ వివక్ష విడిచిపెట్టాలని నల్లజాతి పత్రికలవారు పట్టుబట్టడంతో, 1946లో కెనీ వాషింగ్టన్‌నూ, వుడీ స్ట్రోడ్‌నూ తీసుకుంది. వీరిలో స్ట్రోడ్ ఎండ్ స్థానంలో ఆడేవాడు. అప్పటికే అతని వయసు 30 దాటింది. ఆడింది ఒకే సీజన్, అందుకున్న పాస్‌లు నాలుగు. తన తరం హట్సన్‌తో పోటీపడే అవకాశాన్నే అతనికి ఇవ్వలేదు గనుక, ఆ నాలుగు అన్న అంకె స్ట్రోడ్ సామర్థ్యానికి కొలత కాజాలదు. అన్ని జట్లలోకీ చివరిగా, 1962లో నల్లజాతివారిని తీసుకున్న వాషింగ్టన్ జట్టుకు ఆ ఏడాదే వచ్చిన బాబీ మిచెల్, రిసీవర్‌గా మారిన తొలి సీజన్‌లోనే 72 పాస్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో గ్రాంబ్లింగ్, ప్రెయిరీ వ్యూ, అలబామా ఏ అండ్ ఎం వంటి నల్లజాతి కళాశాలల నుంచి వచ్చిన రిసీవర్లు ఈ వృత్తి ప్రమాణాలనే మార్చివేశారు.

1950లో ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చన్న నియమం స్థిరపడటంతో దాడికీ రక్షణకూ వేర్వేరు బృందాలు ఏర్పడి, రిసీవర్ తన విద్య ఒక్కదానికే పూర్తి సమయం వెచ్చించగలిగాడు. ఆ అవకాశాన్ని అందరికన్నా శ్రద్ధగా వినియోగించుకున్నవాడు బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు ఆటగాడు రేమండ్ బెర్రీ. సహజప్రతిభ అనేదానితో అతనికి పెద్దగా పరిచయం లేదు. తండ్రే శిక్షకుడైన హైస్కూలు జట్టులో కూడా చివరి ఏడాది గాని అతనికి ప్రధాన స్థానం దక్కలేదు. కళాశాలలో మూడు సీజన్లలో అందుకున్నవి 33 పాస్‌లు. లీగ్ జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతని పేరు వచ్చింది 20వ వంతులో. చూపు మందం కావడం వల్ల కళ్లకు లెన్సులు పెట్టుకొని ఆడేవాడు. వేళ్ల బలం కోసం మెత్తటి బంకముద్దను రోజంతా పిసుకుతూ ఉండేవాడు. ప్రత్యర్థుల ఆట ఫిల్ములను ఒంటరిగా కూర్చొని చూసి, ఎవరు ఏ కాలి మీద బరువు వేస్తారో, ఎటు తిరగడానికి తడబడతారో రాసుకునేవాడు. తల మీదుగా వచ్చే బంతి, మోకాళ్ల కిందికి వచ్చే బంతి, వీపు వెనక్కి వచ్చే బంతి అంటూ ఒక్కొక్క రకాన్ని విడివిడిగా సాధన చేయడం అతనితోనే ఒక క్రమపద్ధతి అయింది.

1956లో ఆ జట్టుకు జానీ యునైటస్ అనే క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. అంతకు ముందటి ఏడు పిట్స్‌బర్గ్ జట్టు అతన్ని అక్కర్లేదని పంపివేయగా, నిర్మాణ పనుల్లో కూలి చేసుకుంటూ, ఆటకు ఆరు డాలర్ల చొప్పున ఒక చిన్న స్థానిక జట్టులో ఆడినవాడు. ఎవరికీ అవసరం లేనట్టు కనిపించిన ఈ ఇద్దరూ అందరూ వెళ్లిపోయాక మైదానంలో మిగిలి ఒకే రూట్‌ను పదేపదే అభ్యాసం చేసేవారు. రిసీవర్ తిరగకముందే బంతి చేతిని విడవాలి, అతను తిరిగేసరికి బంతి అక్కడ ఉండాలి. దీనినే టైమింగ్ పాస్ అంటారు. ఒకరి అడుగుల లెక్క మరొకరి శరీరంలోకి ఇంకితే తప్ప సాధ్యం కాని ఈ పాస్, కళ్లతో చూసి విసిరేదానికన్నా ఒక క్షణం ముందుంటుంది. ప్రత్యర్థిని గెలిచేది ఆ ఒక్క క్షణమే.

ఆ సాధన ఫలితం 1958 డిసెంబరు 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జరిగిన తుదిపోరులో వెల్లడైంది. న్యూయార్క్ జెయింట్స్ 17-14తో ముందంజలో ఉండగా, రెండు నిమిషాల లోపే మిగిలిన సమయంలో, కోల్ట్స్ తమ కొసకు దగ్గరగా ఉన్న చోటు నుంచి ఆఖరి ప్రయత్నాలు మొదలుపెట్టింది. ఒక ప్రయత్నానికి బెర్రీ నిలుచోగానే, సాధారణంగా లోపలి వైపు ఉండే హార్లండ్ స్వారే అనే లైన్‌బ్యాకర్, అంటే రెండో వరుస రక్షకుడు, బయటికి వచ్చి సరిగ్గా అతని ముఖం ఎదుట నిలిచాడు. అటువంటి అమరిక ఎదురైతే ఏం చేయాలో బెర్రీ, యునైటస్ ఎప్పుడో ఒకసారి మాట్లాడుకొని పెట్టుకున్నారు. ఆటలో మాత్రం దాని అవసరం అంతవరకు రాలేదు. సంప్రదించుకోవడానికి వ్యవధి లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, అంతే. బెర్రీ బయటికి వెళ్లబోతున్నట్టు ఒక అడుగు వేసి స్వారేను తప్పించుకొని ఏటవాలుగా లోపలికి కోసుకుపోయాడు, బంతి అక్కడే అందింది, 25 గజాలు వచ్చాయి. వెంటవెంటనే మరో రెండు పాస్‌లు అతనికే వెళ్లగా మొత్తం 62 గజాలు సమకూరాయి. ఏడు సెకన్లు మిగిలి ఉండగా స్టీవ్ మైరా బంతిని గోల్ కమ్మీల నడుమకు తన్ని స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో కోల్ట్స్ 23-17తో గెలిచింది. ఆ రోజు బెర్రీ అందుకున్న పాస్‌లు 12, సాధించిన గజాలు 178. అంకెల పుస్తకంలో అది బెర్రీ విజయం. వాస్తవానికి అది ఇద్దరు మనుషుల మధ్య ఎన్నడో జరిగిన ఒక సంభాషణ సాధించిన విజయం.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు గెలిచిన బాబ్ హేయ్స్ మరుసటి ఏడాది డాలస్ కౌబాయ్స్‌లో చేరడంతో పోటీ మరో మలుపు తిరిగింది. అతన్ని ఒక్కడే వెంటాడి పట్టుకోవడం ఎవరి తరమూ కాకపోవడం వల్ల, మనిషిని కాక మైదానంలోని ఒక్కొక్క భాగాన్ని కాపలా కాసే జోన్ రక్షణ ప్రాచుర్యం పొందింది. రిసీవర్లను దారి పొడవునా కొట్టి, నెట్టి వేగం తగ్గించే పద్ధతి కూడా ముదిరి, 1970ల నడుమకు పాస్ ఆట కుంటుపడింది. లీగ్ 1978లో నియమం మార్చి, స్క్రిమేజ్ గీతకు ఐదు గజాల అవతల రిసీవర్‌ను తాకరాదని శాసించింది. ఈనాటి పాస్ ఆట అంతా ఆ ఒక్క నియమం మీద నిలిచి ఉంది.

అయినా ఆ నియమం రిసీవర్ ప్రాణానికి హామీ ఇవ్వలేదు. అదే 1978 ఆగస్టు 12న ఓక్లాండ్‌లో జరిగిన ఒక సన్నాహక ఆటలో, ఎత్తుగా వచ్చిన పాస్ కోసం చేతులు చాచిన న్యూ ఇంగ్లండ్ రిసీవర్ డారిల్ స్టింగ్లీని ప్రత్యర్థి రక్షకుడు ఢీకొనగా అతని మెడ ఎముకలు విరిగి, ఆ తర్వాత జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిచింది. అప్పటి నియమాల ప్రకారం ఆ దెబ్బ తప్పు కాదు. చేతులు చాచి, కళ్లు బంతి మీద నిలిపి, తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్న రిసీవర్‌కు ప్రత్యేక రక్షణ కల్పించే నియమాలు పటిష్ఠం కావడానికి ఆ తర్వాత మూడు దశాబ్దాలు పట్టడం ఈ ఆట పాలకులకు ఏమాత్రం గౌరవం తెచ్చే సంగతి కాదు.

పోటీ, సహకారం ఒకే జట్టులో పక్కపక్కనే ఎలా బతుకుతాయో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చరిత్ర చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. ఆ జట్టు 1974 డ్రాఫ్ట్‌లో మొదటి వంతులో లిన్ స్వాన్‌నూ, నాలుగో వంతులో అలబామా ఏ అండ్ ఎం కళాశాలకు చెందిన జాన్ స్టాల్‌వర్త్‌నూ ఎంచుకుంది. బంతి పట్టుకొని పరుగెత్తే ఫ్రాంకో హారిస్ మీద, గట్టి రక్షణ మీద ఆధారపడిన జట్టు కావడంతో ఒక్కో ఆటలో విసిరే పాస్‌లే తక్కువ. ఉన్న కొద్దిపాటిని సమాన ప్రతిభ గల ఇద్దరు పంచుకోవలసి వచ్చింది. 1976 జనవరి నాటి సూపర్ బౌల్‌లో, అంటే ఏటా లీగ్ విజేతను తేల్చే తుదిపోరులో, రెండు వారాల ముందు తలకు తగిలిన దెబ్బతో ఆసుపత్రి పాలైన స్వాన్ తిరిగివచ్చి నాలుగే పాస్‌లతో 161 గజాలు సాధించి ఉత్తమ ఆటగాడయ్యాడు. 1980 జనవరి నాటి పోరులో వెనకబడ్డ జట్టును 73 గజాల టచ్‌డౌన్‌తో ముందుకు తెచ్చినవాడు స్టాల్‌వర్త్. ఆరేళ్లలో నాలుగుసార్లు ఆ జట్టు విజేతగా నిలిచింది. స్వాన్ మొత్తం ఆటజీవితంలో అందుకున్నవి 336 పాస్‌లు. తర్వాతి తరాల రిసీవర్లు దాన్ని నాలుగేళ్లలోపే దాటగలిగారు. ఆ తక్కువ అంకెల కారణంగానే ఆటలో గొప్పవారిని గౌరవించే, కాంటన్ నగరంలోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇద్దరికీ చాలా ఏళ్లు ప్రవేశం దొరకలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు వేరే జట్టుకు పోయి ఉంటే ఆ ఇద్దరి అంకెలూ పెరిగి ఉండేవేమో గాని, ఆ నాలుగు విజయాలు దక్కి ఉండేవా అన్నది సందేహమే. 2001లో స్వాన్‌కు ఆ గౌరవం లభించినప్పుడు, సభకు తనను పరిచయం చేయవలసిందిగా అతను కోరింది స్టాల్‌వర్త్‌నే. మరుసటి ఏడాది స్టాల్‌వర్త్‌కూ ప్రవేశం దక్కింది.

1978 నియమం తెరిచిన దారిలో అందరికన్నా దూరం వెళ్లినవాడు జెర్రీ రైస్. మిసిసిపీ రాష్ట్రంలో తాపీమేస్త్రీ కొడుకుగా పుట్టి, వేసవుల్లో తండ్రి దగ్గర పని చేస్తూ, కింది నుంచి అన్నదమ్ములు పైకి విసిరే ఇటుకలను పరంజా మీద నిలబడి పట్టుకోవడం ద్వారా చేతులకు పట్టు వచ్చిందని అతను చెప్పుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ శిక్షకుడు బిల్ వాల్ష్ 1985లో అతన్ని ఎంచుకున్నాడు. తక్కువ దూరపు టైమింగ్ పాస్‌లతో ఒక వ్యవస్థనే నిర్మించిన వాల్ష్ ఆటలో ఐదుగురు ఒకేసారి వేర్వేరు రూట్లలో పరుగెత్తుతారు. అందులో బంతి అందేది ఒక్కడికే, కాని ఐదు రూట్లూ నిజంలా కనిపిస్తే తప్ప ఆ ఒక్కడికి చోటు దొరకదు. అభ్యాసంలో చిన్న పాస్ అందుకున్నా రైస్ ప్రతిసారీ మైదానం చివరి దాకా పరుగెత్తేవాడు. సీజన్ లేని నెలల్లో శాన్ కార్లోస్ దగ్గరి నిట్టనిలువు కొండదారిలో పరుగు సాధన చేసేవాడు. 20 సీజన్లలో అతను అందుకున్న 1,549 పాస్‌లను, 22,895 గజాలను, 197 టచ్‌డౌన్లను చేరుకోవడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు.

అతని ఆటలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన ఘట్టం మాత్రం ఈ అంకెల్లో లేదు. 1989 జనవరి 22న మయామీలో సిన్సినాటి బెంగాల్స్‌తో జరిగిన సూపర్ బౌల్‌లో ఫార్టీనైనర్స్ 13-16తో వెనకబడి, మూడు నిమిషాల పైచిలుకు సమయం మిగిలి ఉండగా తమ 8వ గజం నుంచి ప్రయాణం మొదలుపెట్టింది. మధ్యలో చిక్కుబడ్డ పరిస్థితిలో రైస్ ఒక పాస్ అందుకొని 27 గజాలు సాధించాడు. చివరికి 10 గజాలు మిగిలాయి. ఆ రోజు అప్పటికే 215 గజాలు సాధించి ఉన్న రైస్ వైపే బెంగాల్స్ రక్షకుల చూపులన్నీ ఉంటాయని వాల్ష్‌కు తెలుసు. ప్రయత్నం మొదలుకావడానికి ముందే రైస్ అడ్డంగా కదిలి వాళ్ల దృష్టిని తన వెంట తీసుకుపోయాడు; అటు కదిలినవారి వెనుక ఖాళీ అయిన చోటులోకి జాన్ టేలర్ దూసుకురాగా, క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా బంతిని అతనికి అందించాడు. 34 సెకన్లు మిగిలి ఉండగా గెలుపు ఖాయమైంది. ఆ ఆటలో టేలర్ అందుకున్న పాస్ అదొక్కటే. రైస్ ఆ రోజు ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనప్పటికీ, ఆటను తేల్చిన ఆ ప్రయత్నంలో అతని పేరున నమోదైన గజాలు సున్నా.

2010లో హాల్ ఆఫ్ ఫేమ్ సభలో మాట్లాడుతూ, తనను జీవితమంతా నడిపింది ఓటమి భయమేననీ, ఆ భయం వల్ల సాధించినదాన్ని నిలబడి ఆస్వాదించలేకపోయాననీ రైస్ చెప్పాడు. పోటీతత్వాన్ని మాత్రమే కీర్తించే వ్యాసాల్లో సాధారణంగా ఆ రెండో భాగం కనిపించదు. ఎవరినీ దగ్గరకు రానీయని అంకెలు ఉన్న మనిషి ఆ అంకెల మూల్యాన్ని అంత నిజాయితీగా ఒప్పుకోవడం ఈ వృత్తి చరిత్రలో అరుదైన సాక్ష్యం.

1993 నుంచి ఆటగాళ్లకు ఒప్పందం ముగిశాక జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. అందుకున్న పాస్‌లను బట్టి జీతం నిర్ణయమయ్యే మార్కెట్‌లో, బంతి తనకే కావాలని బాహాటంగా అడిగే రిసీవర్లు పెరిగారు. వారిని స్వార్థపరులని నిందించడం పత్రికలకు పరిపాటి అయింది. ఆ నింద పూర్తిగా న్యాయమైనది కాదు. జట్టు కోసం చేసిన త్యాగాన్ని లెక్కించే కొలమానం లేని చోట, లెక్కకు వచ్చేదాన్నే ఆటగాడు కోరుకోవడంలో వింతలేదు. అదే కాలంలో దీనికి భిన్నమైన దారిలో నడిచినవాడు పిట్స్‌బర్గ్‌కే చెందిన హైన్స్ వార్డ్. సియోల్‌లో కొరియన్ తల్లికి పుట్టిన వార్డ్ వెయ్యి పాస్‌లు అందుకున్నప్పటికీ, బంతి మరొకరి చేతిలో ఉన్నప్పుడు ప్రత్యర్థులను అడ్డుకునే బ్లాకింగ్ అనే పనితోనే ఎక్కువ పేరు పొందాడు. ఆ అడ్డుకోవడం ఎంత తీవ్రంగా ఉండేదంటే, 2008లో ఒక ప్రత్యర్థి దవడ విరగడంతో, గమనించని ప్రత్యర్థి తలకు దెబ్బ తగిలేలా అడ్డుకోవడాన్ని 2009లో లీగ్ నిషేధించింది. ఆ నిబంధనను జనం అతని పేరుతోనే పిలుస్తున్నారు. 2021లో పాస్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ మొదటి స్థానం సాధించిన లాస్ ఏంజిలిస్ ర్యామ్స్ రిసీవర్ కూపర్ కప్‌ను సైతం అతని సహచరులు మెచ్చుకున్నది 145 పాస్‌ల కోసం ఎంతో, పరుగు ఆటల్లో అతను వేసే అడ్డుల కోసమూ అంతే.

2010ల మధ్య నుంచి ఆటగాళ్ల భుజకవచాల్లో అమర్చిన చిన్న సంకేత పరికరాలు ప్రతి అడుగునూ నమోదు చేస్తున్నాయి. బంతి రాకపోయినా రిసీవర్ ఎంత వేగంతో పరుగెత్తాడు, తనను కాచేవాడి నుంచి ఎన్ని గజాల ఎడం సంపాదించాడు అన్నవి ఇప్పుడు తెలుస్తున్నాయి. 1932 నాటి కాగితంలో చోటు దొరకని పనిలో కొంత భాగం ఈ విధంగా వెలుగులోకి వచ్చింది. ప్రత్యర్థుల దృష్టిని మళ్లించిన రూట్‌కు, సహచరుడికి దారి ఇచ్చిన అడ్డుకు మార్కులు వేసే పని మాత్రం ఇప్పటికీ ప్రతి ఆట తర్వాత శిక్షకుల గదిలో, ఫిల్ము ముందు, మనుషులే చేస్తున్నారు. ఆ మార్కులు గది దాటి బయటికి రావు, జీతాల బేరంలో ముందుగా చర్చకు వచ్చేవి మాత్రం అందుకున్న పాస్‌లే.